విడాకులయ్యాక ఇంటి కొట్టు చేపట్టాలంటే

విడాకులయ్యాక పుట్టింటికి వచ్చిన మనిషిని చూసి ఇంట్లో ఎవరో ఒకరు అంటారు: “ఖాళీగా ఉంటే ఆలోచనలు ఎక్కువవుతాయి, కొట్లో కూర్చోవచ్చు కదా.” ప్రేమతోనే అంటారు. ఆ మాట పట్టుకుని మర్నాడే వెళ్లి గల్లా ముందు కూర్చుంటే మాత్రం, కొన్నాళ్లకి ఆ కొట్లో మీరెవరన్నది ఎవరికీ తెలియకుండా పోతుంది. జీతం లేదు కాబట్టి ఉద్యోగి కారు. సంతకం చెల్లదు కాబట్టి యజమాని కారు. లాభం వస్తే ఇంటిది, నష్టం వస్తే “అమ్మాయి వచ్చాక పడిపోయింది” అంటారు.

మాది చిన్న ఊళ్లో హార్డ్‌వేర్ కొట్టు. మేకులు, పైపులు, కుళాయిలు, పెయింట్లు, సిమెంటు. నాన్న పెట్టింది, ఇప్పుడు నేను నడుపుతున్నాను. మీది బట్టల కొట్టయినా, పుస్తకాల షాపయినా సరుకు పేర్లు మారతాయి గానీ నేను చెప్పబోయే పనులు మారవు.

ముందు కాగితం

ఒక్క పేజీ చాలు. నాన్న, మీరు, తోబుట్టువులుంటే వాళ్లు, అందరూ సంతకం పెట్టాలి. అందులో మొదట రాయాల్సింది మీ జీతం. కొట్టు లాభంలో ఉన్నా లేకపోయినా నెల మొదట్లో మీ బ్యాంకు ఖాతాలో పడాల్సిన మొత్తం. మా అమ్మ అడ్డం పడింది: “మన కొట్టే కదే, కావాల్సినప్పుడు గల్లాలోంచి తీసుకో, జీతమేంటి?” గల్లాలోంచి తీసుకునే డబ్బుకి లెక్క ఉండదు. పైగా తీసుకున్న ప్రతిసారీ అడిగి తీసుకున్నట్టే ఉంటుంది. పెళ్లిలో ప్రతి ఖర్చుకీ చెయ్యి చాచి విసిగిపోయిన వాళ్లకి ఇది నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

జీతానికి ఇంకో కారణం వ్యాపారానికే సంబంధించింది. ఇంటి మనిషి ఉచితంగా పనిచేస్తుంటే కొట్టు లాభంలో ఉన్నట్టు కనిపిస్తుంది. అదే పనికి బయటి మనిషిని పెట్టుకుంటే ఎంత ఇవ్వాలో అంత ఖర్చు రాసి, అప్పుడు చూడండి. కొన్ని కుటుంబ వ్యాపారాల్లో లాభం అనుకుంటున్నదంతా ఇంట్లోవాళ్ల చాకిరీయే. రేపు ఇల్లు అద్దెకి తీసుకోవాలన్నా, అప్పు అడగాలన్నా, పిల్లల విషయంలో కోర్టుకి ఆదాయం చూపించాలన్నా బ్యాంకులో నెలనెలా పడ్డ జీతమే పనికొస్తుంది.

ఆ పేజీలోనే ఇంకొన్ని తేల్చుకోండి. ఎంత మొత్తం దాకా సరుకు మీ అంతట మీరు తెప్పించవచ్చు? అరువు ఎవరికి ఇవ్వాలన్నది ఎవరి మాట? మీ సొంత డబ్బు కొట్లో పెడితే అది అప్పా, వాటానా? ఈ కాగితాన్ని మళ్లీ ఎప్పుడు తిరగరాస్తారు? చివరి ప్రశ్నకి తప్పకుండా తేదీ వేయండి.

నా తమ్ముడు వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తాడు. “అక్కా, నాకేం వద్దు, నువ్వే చూసుకో” అన్నాడు ఫోన్లో. మనస్ఫూర్తిగానే అన్నాడు. అందుకే అప్పుడే రాసుకుందామన్నాను. మంచిగా ఉన్న రోజుల్లో అది ఒక పూట పని, మనస్పర్థలు వచ్చాక అదే పేజీకి లాయర్లు కావాలి. ఆ కాగితంతో పాటు కొట్టు ఒకరోజు మూసి లెక్క తీయించండి: ఉన్న సరుకు ఎంత, రావాల్సిన బాకీలెంత, సప్లయర్లకి ఇవ్వాల్సిందెంత, చేతిలో నగదెంత. దాని కిందా అందరి సంతకాలూ ఉండాలి. మీరు అడుగుపెట్టిన రోజున కొట్టు ఏ స్థితిలో ఉందో రాసి లేకపోతే, తర్వాత పెరిగినదాంట్లో మీ కష్టం ఎంతన్నది ఎవరూ తేల్చలేరు.

పాత సంతకాలు వెతకండి

విడాకుల తీర్పు మీకూ, మీ మాజీ భర్తకీ మధ్య. బ్యాంకు దానికి కట్టుబడి ఉండదు. ఇద్దరూ కలిసి తీసుకున్న అప్పు ఆయనే కట్టాలని తీర్పులో ఉన్నా, అప్పు కాగితం మీద మీ సంతకం ఉన్నంతకాలం ఆయన కట్టకపోతే బ్యాంకు మిమ్మల్నే అడుగుతుంది. ఆయన అప్పుకి మీరు జామీను ఉన్నా అంతే. ఇది తిరగేసి కూడా చూడండి: అల్లుడిగా ఉన్న రోజుల్లో ఆయన మీ నాన్న కొట్టు అప్పుకి ఎక్కడైనా జామీను పెట్టారా? ఉంటే బ్యాంకుకి వెళ్లి, వాళ్లు అడిగిన కొత్త జామీను చూపించి, పాత పేరు తీసేసినట్టు రాతపూర్వకంగా తెచ్చుకోండి. నోటిమాట చాలదు. నామినీ పేర్లు, ఉమ్మడి ఖాతాలు, కొట్టు ఈమెయిల్ పాస్‌వర్డ్, ఓటీపీలు ఎవరి ఫోన్‌కి వెళ్తున్నాయన్నది కూడా అదే వారంలో చూసుకోండి.

ఇక కొట్టు ఎవరి పేరు మీద ఉంది? నాన్న ఒక్కరి పేరు మీదే ఉంటే చట్టం దృష్టిలో కొట్టూ ఆయనా ఒక్కటే. కొట్టు అప్పు ఆయన సొంత ఆస్తి మీదకి కూడా వస్తుంది. చాలా ఇళ్లలో ‘పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకున్నాం కదా’ అని ధీమాగా ఉంటారు. అది ఇచ్చిన మనిషి ఉన్నంతవరకే. ఆయన పోయిన క్షణంలో అదీ పోతుంది, ఖాతా ఆగిపోతుంది, ఇచ్చిన చెక్కులు వెనక్కి వస్తాయి. నాన్న దగ్గర ఈ మాట ఎత్తడం కష్టమే. ఆడిటర్ చేత చెప్పిస్తే తేలికవుతుంది, కూతురు అడిగితే అపశకునం అనిపించేది ఆడిటర్ నోట వింటే పని అనిపిస్తుంది. భాగస్వామ్యమా, పేరు మార్పిడా, ఏది మీకు సరిపడుతుందో ఆ ఆడిటరూ ఒక లాయరూ కలిసి చెప్పాలి.

విడాకుల్లో డబ్బు ఏమైనా వచ్చి ఉంటే అది కొట్లో పెట్టకండి. కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు కొట్టుకి అందని ఖాతాలో ఉండాలి. అంతకు మించి ఉండి, పెట్టాలనిపించినా మొదట్లో అప్పుగానే పెట్టండి, వడ్డీ ఎంతో, తిరిగి ఎప్పుడో రాసుకుని. అప్పుగా ఇచ్చింది తర్వాత వాటాగా మార్చుకోవడం సులువు. వాటాగా పెట్టింది వెనక్కి రావడం అంత సులువు కాదు.

గల్లా, అరువు

సాయంత్రం షట్టర్ సగం దించాక నేను చేసే మొదటి పని గల్లా బల్ల మీద పోసి లెక్కపెట్టడం. నోట్లు వేరు, చిల్లర వేరు. పొద్దున ఉన్న నగదుకి ఆ రోజు నగదు అమ్మకాలు, వసూలైన పాత బాకీలు కలిపి, సప్లయర్లకి ఇచ్చినవి, హమాలీ, టీ ఖర్చులు తీసేస్తే ఎంత రావాలో అంత ఉండాలి. తేడా వస్తే ఎర్ర పెన్నుతో అలాగే రాస్తాను. జేబులోంచి వేసి సరిచేయను. తేడా ప్రతి వారం ఒకే రోజున, లేదా ఒకే మనిషి గల్లా దగ్గరున్న పూటే వస్తోందా అన్నది నెల తిరిగేసరికి ఆ ఎర్ర అంకెలే చెబుతాయి. ఫోన్‌లో వచ్చే చెల్లింపులు కొట్టు ఖాతాలోకే వెళ్లాలి, నాన్న సొంత ఖాతాలోకో మీ ఖాతాలోకో కాదు. మొదట్లో ఎవరూ పట్టించుకోని చిక్కు ఇదే.

లెక్కల్లో ఒక్కటి మాత్రం బట్టీ పట్టండి. వందకి కొని నూట పాతికకి అమ్మితే ‘పాతిక శాతం మిగిలింది’ అంటారు. కొన్న ధర మీద అది నిజమే, అమ్మిన ధర మీద చూస్తే 20 శాతమే. కస్టమర్ 10 శాతం తగ్గించమంటే తగ్గేది అమ్మిన ధర మీద. నూట పాతికలో పన్నెండున్నర పోతుంది. మీ లాభం పాతిక కాస్తా సగమైంది. అద్దె, జీతాలు, కరెంటు ఇంకా తీయలేదు. “పది పర్సెంటే కదమ్మా” అని ఎవరైనా అన్నప్పుడు మీ బుర్రలో ‘సగం లాభం’ అని వినపడాలి.

అరువు ఇంతకంటే ఘోరం. రెండు వేల బాకీ ఎగ్గొడితే, అమ్మకాల మీద 20 శాతం మిగిలే కొట్టు ఆ రెండు వేలు మళ్లీ సంపాదించడానికి పది వేల సరుకు అమ్మాలి. అలాగని చిన్న ఊళ్లో అరువు లేకుండా హార్డ్‌వేర్ నడవదు. మేస్త్రీకి ఇంటి ఓనరు డబ్బిస్తేనే మనకిస్తాడు. నేను పెట్టుకున్న పద్ధతి మామూలుదే: మనిషికో పరిమితి, బాకీకో గడువు, గడువు దాటితే పాతది తీరేదాకా కొత్త సరుకు నగదుకే. చుట్టాలకీ ఇదే పద్ధతి. ముఖ్యంగా చుట్టాలకి. విడాకులైన ఆడపిల్ల గట్టిగా అడగదులే అని లెక్క వేసుకునేది ముందు వాళ్లే.

మా ఇంట్లో బాకీల వసూలు నాన్నకి అప్పగించాం. ఆయన కౌంటర్లో ఉన్నంతసేపూ నేను ఒక రేటు చెబితే ఆయన పక్కనుంచి తగ్గించేవారు. పాత కస్టమర్లు నన్ను దాటి ఆయన మొహమే చూసేవారు. ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టడం న్యాయం కాదు, కౌంటర్లో ఇద్దరు యజమానులు ఉండటం కుదరదు. పాత బాకీలన్నీ ఆయన మొహం చూసి ఇచ్చినవే కాబట్టి వసూలు ఆయనకే సాధ్యం. పొద్దున నోట్‌బుక్ పట్టుకుని బండి మీద బయల్దేరతారు, మధ్యాహ్నానికి ఊళ్లో కబుర్లతో, కొంత డబ్బుతో వస్తారు. మీ నాన్నకి ఏ పని సరిపోతుందో మీకే తెలియాలి. పని మాత్రం నిజమైనదై ఉండాలి, ఊరికే పేరుకి ఇచ్చింది ఆయన ఇట్టే కనిపెడతారు.

సరుకు నేర్చుకోవడం

పుట్టినప్పటి నుంచి కొట్టు చూసినా, సరుకు తెలియడం వేరు. పాత గుమాస్తా ఉంటే ఆయనే గురువు. మా గుమాస్తా నన్ను ‘అమ్మాయిగారూ’ అంటారు, నేను ‘బాబాయ్’ అంటాను. జీతం పెంచే విషయంలో ముందు ఆయన పేరు రాశాను. ఆయన వెళ్లిపోతే ఏ డబ్బాలో ఏముందో చెప్పేవాళ్లు లేరు.

ఒక ప్లంబర్ వచ్చి నన్ను చూసి, “లోపల ఎవరూ లేరా? అరంగుళం ఎల్బో కావాలి” అన్నాడు. “ఏ పైపుకి? ఇనుప పైపుకా, సీపీవీసీకా?” అన్నాను. ఎల్బో అంటే పైపు మలుపు తిరిగే చోట వేసే ముక్క, సీపీవీసీ ఒక రకం ప్లాస్టిక్ పైపు. అరంగుళం అన్నది పేరుకే. ఇనుప పైపు బయటి కొలత 21.3 మిల్లీమీటర్లు, సీపీవీసీది 15.9. ఒకదాని ఎల్బో ఇంకోదానికి పట్టదు. అతను సీపీవీసీ అన్నాడు, ఇచ్చాను, డబ్బులిచ్చి వెళ్లాడు. తర్వాత్నుంచి లోపలున్న వాళ్ల గురించి అడగలేదు. మీ వ్యాపారంలో కూడా ఇలాంటి ఎదురు ప్రశ్నలు ఓ ఇరవై ఉంటాయి. ముందు అవి నేర్చుకోండి, కేటలాగు తర్వాత.

ప్రతి సరుకు మీదా వచ్చిన తేదీ చీటీ అంటించండి. సిమెంటు గాలిలో తేమ పీల్చుకుంటుంది. మూడు నెలలు దాటిన బస్తాలో బలం తగ్గుతుంది, గోడకి ఆనించి నేల మీదే పేరిస్తే ఇంకా త్వరగా. పైపులు అతికించే సొల్యూషన్ మూత సరిగా లేకపోతే డబ్బాలోనే జెల్లీలా గట్టిపడుతుంది. ఏడాదికి అమ్ముడైన సరుకు కొన్న ధర ముప్పై లక్షలు, కొట్లో ఎప్పుడూ ఉండే సరుకు పది లక్షలు అనుకోండి, ఏడాదికి మూడుసార్లు తిరుగుతోందన్నమాట, సగటున నాలుగు నెలలు ఊరికే కూర్చుంటోంది. కదలని సరుకుని కొన్న ధరకే, కాదంటే ఇంకా తక్కువకే వదిలించుకుని ఆ డబ్బుతో కదిలేది తెప్పించండి. నాన్నలు ఇక్కడ అడ్డుపడతారు. నష్టం అంటారు. అది ఎప్పుడో వచ్చిన నష్టం, ఇప్పుడు లెక్కలో రాస్తున్నామంతే.

బోర్డు మార్చడం, షోకేసు పెట్టించడం, కొత్త ఏజెన్సీ తీసుకోవడం లాంటివి మొదటి ఏడాది వద్దు. కొట్టు నాలుగు కాలాల్లో ఎలా నడుస్తుందో చూడాలి, వానల్లో ఇళ్ల పనులు ఆగినప్పుడు గల్లా ఎలా ఉంటుందో చూడాలి. పైగా విడాకులైన కొత్తలో ఏదో ఒకటి మార్చేయాలన్న ఊపు ఉంటుంది. ఆ ఊపుని సరుకు సర్దడం మీద పెట్టండి, ఖర్చు కాదు.

కౌంటర్లో ప్రశ్నలు

చిన్న ఊళ్లో కౌంటర్ అంటే సరుకు కొనకుండా కూడా రాగలిగే చోటు. “మీ ఆయన రాలేదా?” అని అడుగుతారు. నా జవాబు ఒకటే: “విడిపోయామండీ. మీకు ఏ సైజు కావాలి?” రెండు వాక్యాల మధ్య ఆగను. ఆగితే మూడో ప్రశ్న వస్తుంది. అబద్ధం చెబితే దాన్ని గుర్తుపెట్టుకోవాల్సిన టెన్షన్ ఇంకోటి. పనివాళ్లకి కూడా ఇదే చెప్పాను, ఎవరైనా అడిగితే ‘అవునండీ’ అని ఊరుకోమని. కొన్నాళ్లకి ఊరికి వేరే వార్త దొరుకుతుంది.

పిల్లలుంటే కొట్టు వేళలు వాళ్లని బట్టి పెట్టుకోండి. వాళ్లు తండ్రి దగ్గరికి వెళ్లే రోజులకి సరుకు లెక్కలు, సప్లయర్ల దగ్గరికి ప్రయాణాలు వేసుకుంటే రెండు పనులూ అవుతాయి.

ఏడాది తిరిగాక అప్పటి కాగితం బయటికి తీసి మళ్లీ లెక్క తీయండి. మీ జీతం ఇచ్చాక కూడా మిగులు ఉంటే వాటా మాట ఎత్తవచ్చు. మీ జీతం కూడా రాకపోతుంటే, ఏ సరుకు ఆపేయాలో, కొట్టు చిన్నది చేయాలో, అమ్మేయాలో మాట్లాడాలి. అమ్మడమే అయితే ముందు బాకీలు వసూలు చేసి, కదిలే సరుకు ఉండగానే బేరం పెట్టండి. ఖాళీ అరలున్న కొట్టుకి ఎవరూ ధర పెట్టరు. మా కాగితంలో రాసుకున్న తేదీకి తమ్ముడు వచ్చాడు. నాన్న, వాడు, నేను బస్తాల మీద కూర్చుని లెక్క చూశాం. నా జీతం పెంచారు. వాటా సంగతి తేలలేదు, వాడికి కొంత అనుమానం, నాకు కొంత కోపం. వచ్చే ఏడాదికి తేదీ వేసి ముగ్గురం మళ్లీ సంతకాలు పెట్టాం.