కార్బురేటర్‌ను ఇంట్లోనే విప్పి శుభ్రం చేసుకోవడం, ఆ తర్వాతే ట్యూనింగ్

బండి స్లో స్పీడులో నిలబడకపోతే చాలామంది ముందుగా చేసే పని, పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్ పక్కనున్న స్క్రూను అటూ ఇటూ తిప్పి చూడడం. దయచేసి ఆ పని చేయకండి. నిన్నటిదాకా బాగా నడిచిన బండిలో ఆ స్క్రూ తనంతట తాను తిరిగిపోదు. పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రం ఉన్న ఇత్తడి ముక్కలో, అంటే జెట్‌లో, మురికి చేరి ఉంటుంది, లేదా ఎక్కడో రబ్బరు పగిలి గాలి లాగుతుంటుంది, లేదా పెట్రోలు రాకను మూసి తెరిచే ఫ్లోట్ సూది అరిగి ఉంటుంది. అసలు లోపాన్ని వదిలేసి స్క్రూ తిప్పితే ఆ పూటకు బండి నడవవచ్చు. కానీ లోపం అలాగే ఉంటుంది, పైగా స్క్రూ అంతకుముందు ఎక్కడ ఉందో కూడా తెలియకుండా పోతుంది. ఇంటి బళ్లు, ఇరుగుపొరుగు బళ్లు బాగుచేస్తూ వస్తున్న నా అనుభవంలో కార్బురేటర్లలో ఎక్కువ వాటికి కావలసింది శుభ్రత. ట్యూనింగ్ అన్నిటికన్నా చివరి పని.

ఇక్కడ రాసేది ఒకే కార్బురేటర్ ఉన్న బళ్ల గురించి. రెండు, నాలుగు కార్బురేటర్లు ఉంటే వాటిని ఒకదానితో ఒకటి సమం చేయాలి. దానికి గాలి లాగే ఒత్తిడిని కొలిచే వాక్యూమ్ గేజీలు కావాలి, అది వేరే పని.

కార్బురేటర్ పనిచేసే తీరు కొంచెం తెలిస్తే మిగతాదంతా సులువు. గాలి వెళ్లే గొట్టం మధ్యలో ఒకచోట ఇరుకు అవుతుంది. ఆ ఇరుకులో గాలి వేగం పెరిగి ఒత్తిడి తగ్గుతుంది. కింద గిన్నెలో నిలిచి ఉన్న పెట్రోలు మీద మాత్రం మామూలు వాతావరణ ఒత్తిడే ఉంటుంది కాబట్టి, అది పెట్రోలును జెట్‌ల సన్నటి రంధ్రాల్లోంచి పైకి నెడుతుంది. పెట్రోలు పూర్తిగా మండడానికి బరువు లెక్కన 1 వంతు పెట్రోలుకు సుమారు 14.7 వంతుల గాలి కావాలి. పెట్రోలు ఎక్కువైతే రిచ్, గాలి ఎక్కువైతే లీన్ అంటారు.

ఒకే జెట్ అన్ని వేగాలకూ సరిపోదు. యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పటి నుంచి పావు వంతు తెరిచేదాకా ప్రధానంగా పైలట్ జెట్, దాని మిశ్రమాన్ని సరిచేసే మిక్స్చర్ స్క్రూ పనిచేస్తాయి. పావు నుంచి ముప్పావు దాకా, యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచే స్లైడ్‌కు వేలాడే నీడిల్‌ది (పొడవాటి సూదిది) పెత్తనం. ముప్పావు దాటాక మెయిన్ జెట్. వీటి మధ్య గట్టి సరిహద్దులు ఉండవు, ఒకదాని పని ఇంకొకదానిలోకి కొంత వస్తుంది. అయినా లోపం ఏ భాగంలో ఉందో కనిపెట్టడానికి ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు.

అందుకే నేను స్క్రూడ్రైవర్ ముట్టుకునే ముందు యాక్సిలరేటర్ గ్రిప్పు మీద ఒక కాగితపు టేపు ముక్క, పక్కనున్న స్విచ్చుల డబ్బా మీద ఇంకో ముక్క అంటిస్తాను. పూర్తిగా మూసిన చోటు, పావు, సగం, ముప్పావు, పూర్తిగా తెరిచిన చోటు పెన్నుతో గీస్తాను. రద్దీ లేని రోడ్డు మీద బండి నడుపుతూ ఏ గీత దగ్గర తడబడుతోందో చూడాలి. గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగంలో తడబడింది అన్నది ఇక్కడ పనికిరాదు, గ్రిప్పు ఎంత తెరిచి ఉందన్నదే కావాలి. పావు లోపలే తడబడితే మెయిన్ జెట్ మార్చి లాభం లేదు. పూర్తిగా తెరిచినప్పుడు మాత్రమే తడబడితే మిక్స్చర్ స్క్రూతో పని లేదు.

తడబాటు పెట్రోలు తక్కువై వస్తోందా, ఎక్కువై వస్తోందా తెలుసుకోవడానికి చోక్ ఉపయోగపడుతుంది. ఇంజన్ బాగా వేడెక్కాక చోక్ సగం లాగి చూడండి. బండి మెరుగుపడితే పెట్రోలు తక్కువ అందుతోందని అర్థం. ఇంకా చెడిపోతే మిశ్రమం సరిగ్గానే ఉంది లేదా పెట్రోలు ఎక్కువ అందుతోంది. స్పార్క్ ప్లగ్ కొస కూడా చూడండి. లేత గోధుమ రంగు ఉంటే మంచిది. పొడిగా నల్లటి మసి పట్టి ఉంటే రిచ్, తెల్లగా పాలిపోయి ఉంటే లీన్.

కార్బురేటర్ విప్పే ముందు మిగతా అనుమానాలు తీర్చుకోవాలి. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే బండి రిచ్‌గా నడుస్తుంది. పెట్రోల్ ట్యాంకు మూతకు గాలి పీల్చే సన్నటి రంధ్రం ఉంటుంది. అది పూడుకుపోతే బండి కొంతదూరం బాగా పోయి ఆగిపోతుంది, మూత తీసి పెట్టగానే మళ్లీ స్టార్టవుతుంది. వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్ దగ్గర ఉండాల్సిన సన్నటి ఖాళీ) తప్పినా స్లో స్పీడు నిలవదు. కార్బురేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉన్న రబ్బరు గొట్టాన్ని ప్రత్యేకంగా చూడండి. పైకి బాగానే కనిపిస్తుంది, వంచితే పగుళ్లు బయటపడతాయి. యాక్సిలరేటర్ వదిలాక ఇంజన్ వేగం వెంటనే దిగకుండా పైనే వేలాడుతుంటే అక్కడ గాలి లీకవుతోందని నా మొదటి అనుమానం. నడుస్తున్న ఇంజన్ మీద ఆ గొట్టం చుట్టూ నీళ్లు తుంపరగా కొడితే, లీకు ఉన్నచోట ఇంజన్ శబ్దం మారుతుంది. కొందరు దీనికి కార్బురేటర్ క్లీనర్ వాడతారు. వేడి ఇంజన్ మీద మండే ద్రవం కొట్టడం నాకు ఇష్టం లేదు. నీళ్లు చాలు.

ఇక విప్పడం. ఇంజన్ చల్లారాక ఆరుబయట కూర్చోండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది, నేలబారుగా పాకి దూరంగా ఉన్న నిప్పును కూడా అందుకోగలదు. స్టవ్, సిగరెట్, గ్రైండర్ నిప్పురవ్వలు దరిదాపుల్లో ఉండకూడదు. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. కింద తెల్లటి గుడ్డ పరవండి, దాని మీద పడిన చిన్న స్ప్రింగు వెంటనే కనిపిస్తుంది.

పెట్రోల్ ట్యాప్ మూసి, గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, అందులోని పెట్రోలును గాజు సీసాలోకి దింపండి. ఆ సీసాను కాసేపు కదపకుండా ఉంచి వెలుతురులో చూడండి. అడుగున గుండ్రటి బిందువులు చేరితే నీళ్లు. ఎర్రటి పొడి కనిపిస్తే ట్యాంకు లోపల తుప్పు పట్టింది, ఆ సంగతి చూడకుండా కార్బురేటర్ ఎన్నిసార్లు కడిగినా మళ్లీ అదే కథ. పెట్రోలు ముదురు రంగుకు తిరిగి పాత రంగు డబ్బా వాసన వేస్తుంటే నిలవ పెట్రోలు. పైలట్ జెట్ పూడుకుపోయి ఉండడానికి చాలావరకు కారణం అదే.

క్లాంపులు వదులు చేసి కార్బురేటర్ బయటికి తీయండి. ప్రతి దశలో ఫోనుతో ఫోటో తీసుకోండి, ముఖ్యంగా గొట్టాలు ఏది ఎక్కడికి పోతోందో. పైమూత విప్పితే స్లైడ్, నీడిల్ కేబుల్‌తోపాటే బయటికి వస్తాయి. నీడిల్ వంగకుండా మెత్తని గుడ్డ చుట్టి పక్కకు కట్టేయండి. స్క్రూల దగ్గర తొందర వద్దు. జపాన్ తయారీ కార్బురేటర్ల ప్లస్ స్క్రూలు చాలావరకు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకానివి. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ వాటిలో పూర్తిగా కూర్చోదు, గట్టిగా తిప్పితే గాడి చెడిపోతుంది. సరైన కొస ఉన్న స్క్రూడ్రైవర్ కొనుక్కోండి. ఈ పనికి కొనే వస్తువుల్లో మొదటిది అదే కావాలి.

మిక్స్చర్ స్క్రూ తీసే ముందు దాన్ని మెల్లగా లోపలికి తిప్పుతూ, ఆనేదాకా ఎన్ని చుట్లు పట్టాయో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. పాత స్థానానికి ఉన్న ఒకే ఒక్క ఆనవాలు అది. తగిలిందనిపించగానే ఆపాలి. బలంగా బిగిస్తే సూది కొస నొక్కుకుపోతుంది, లేదా విరిగి రంధ్రంలోనే ఉండిపోతుంది. స్క్రూతో పాటు స్ప్రింగు, చిన్న వాషర్, దాని కింద ఓ-రింగ్ (రబ్బరు వలయం) వస్తాయి. ఓ-రింగ్ తరచు లోపలే అంటుకుని ఉంటుంది. అది అక్కడే ఉండగా క్లీనర్ కొడితే ఉబ్బి పాడవుతుంది కాబట్టి జాగ్రత్తగా లాగి తీయండి.

అన్నిటికన్నా ఎక్కువ ఓపిక, గిన్నె విప్పాక తీసే పైలట్ జెట్‌కు కావాలి. దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. నిలవ పెట్రోలు ఎండి లక్క పూసినట్టు అందులో పేరుకుంటుంది. జెట్‌ను ఆకాశం వైపు పెట్టి చూడండి, గుండ్రటి శుభ్రమైన వెలుగు చుక్క కనిపించాలి. చంద్రవంకలా కనిపిస్తే ఇంకా మురికి ఉన్నట్టే. క్లీనర్‌లో నానబెట్టి, గాలి కొట్టి, మళ్లీ చూడండి. ఉక్కు తీగ, గుండుసూది, డ్రిల్ ముక్క పెట్టకండి. జెట్ ఇత్తడిది, గీత పడితే రంధ్రం పెద్దదవుతుంది, దాని మీద చెక్కిన సంఖ్యకు అర్థం లేకుండా పోతుంది. తప్పనిసరైతే రంధ్రం కన్నా సన్నటి నైలాన్ పోగు గానీ, కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు గానీ వాడండి. మెయిన్ జెట్‌నూ, దాని పైనున్న గొట్టం గోడలకు ఉండే చిన్న రంధ్రాలన్నిటినీ ఇలాగే చూడాలి.

జెట్ శుభ్రమయ్యాక చాలామంది పని అయిపోయిందనుకుంటారు. జెట్ నుంచి ఇంజన్ వైపు వెళ్లే దారి కార్బురేటర్ లోహంలోనే తొలిచి ఉంటుంది, అది కంటికి కనిపించదు. కార్బురేటర్ నోటి దగ్గర, ఎయిర్ ఫిల్టర్ వైపు, కనిపించే సన్నటి గాలి రంధ్రంలోకి క్లీనర్ గొట్టం పెట్టి కొట్టండి. పైలట్ జెట్ ఉండే గూడు లోంచీ, ఇంజన్ వైపు స్లైడ్ అంచు దగ్గరున్న చిన్న రంధ్రాల లోంచీ ధార రావాలి. మిక్స్చర్ స్క్రూ గూడులోంచి కొట్టి కూడా చూడండి. అన్ని వైపుల నుంచీ ధార స్పష్టంగా వచ్చేదాకా నేను బిగించడం మొదలుపెట్టను. కళ్లద్దాలు తప్పనిసరి అన్నది ఇందుకే: ఒక రంధ్రంలో కొట్టిన క్లీనర్ ఇంకో రంధ్రంలోంచి నేరుగా ముఖం మీదికి వస్తుంది. ఎయిర్ కంప్రెసర్ వాడితే ముందు ఫ్లోట్ (గిన్నెలో పెట్రోలు మీద తేలే భాగం) తీసేయండి. వాక్యూమ్‌తో స్లైడ్ లేచే రకమైతే పైనున్న రబ్బరు డయాఫ్రమ్ కూడా తీసేసి, వెలుతురుకు పట్టి చిల్లులు చూడండి. దానికి క్లీనర్ తగలనివ్వకండి.

ఫ్లోట్ సూది రబ్బరు కొసను గోటితో తడమండి. చుట్టూ గాడిలా తగిలితే మార్చేయండి. ఆ సూది సరిగా మూసుకోకపోతే గిన్నె పొంగి బయటికి కారుతుంది. కొన్ని బళ్లలో పెట్రోలు ఇంజన్‌లోకి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. కాబట్టి ఓవర్‌ఫ్లో అయిన బండి ఇంజన్ ఆయిల్ కొలకర్ర తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వచ్చినా, ఆయిల్ మట్టం పెరిగినా, ఆయిల్ మార్చకుండా ఇంజన్ స్టార్ట్ చేయకండి. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపండి, లోపల ద్రవం కదిలితే అది ఇక తేలదు. ఫ్లోట్ ఎత్తు కొలత మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. కార్బురేటర్‌ను వాల్చి, ఫ్లోట్ నాలుక సూది వెనకున్న స్ప్రింగు పిన్నును నొక్కకుండా కేవలం తాకుతున్నప్పుడు కొలవాలి. నాలుక లోహపుదైతే కొద్దికొద్దిగా వంచి సరిచేయవచ్చు.

బిగించేటప్పుడు గిన్నెకు కొత్త గాస్కెట్ వేయండి. అంటించే పేస్టు పూయవద్దు, ఊడిన ముక్క నేరుగా జెట్‌లోకే పోతుంది. స్లైడ్ లోపలికి దింపేటప్పుడు దాని గాడి లోపలి పిన్నులో కూర్చోవాలి, చెక్కిన అంచు ఎయిర్ ఫిల్టర్ వైపు ఉండాలి. తిరగేసి పెడితే స్టార్ట్ చేయగానే ఇంజన్ ఒక్కసారిగా గరిష్ఠ వేగానికి పోవచ్చు. స్టార్ట్ చేసే ముందు గ్రిప్పు తిప్పి వదలండి, స్లైడ్ టక్కున కిందికి పడిన శబ్దం వినిపించాలి. హ్యాండిల్ పూర్తిగా ఎడమకు, కుడికి తిప్పి కూడా అలాగే చూడండి.

ఇప్పుడు ట్యూనింగ్. మిక్స్చర్ స్క్రూను మెల్లగా ఆనించి, మీరు రాసుకున్న చుట్ల మేరకు బయటికి తిప్పండి. పాత లెక్క నమ్మదగినది కాకపోతే ఒకటిన్నర చుట్టుతో మొదలుపెట్టండి. బండిని పది నిమిషాలు నడిపి వేడెక్కించండి. చల్లటి ఇంజన్ మీద చేసిన ట్యూనింగ్ వేడి ఇంజన్‌కు సరిపోదు. మూసిన గదిలో ఇంజన్ నడపకండి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

స్క్రూ ఎటువైపు ఉందో ముందు చూసుకోండి. సాధారణంగా ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని అదుపు చేసే స్క్రూ, బయటికి తిప్పితే లీన్ అవుతుంది. ఇంజన్ వైపు ఉంటే పెట్రోలును అదుపు చేసేది, బయటికి తిప్పితే రిచ్ అవుతుంది. ఇది తెలియకపోతే ప్రతి మార్పూ తలకిందులుగా అర్థమవుతుంది.

స్లో స్పీడు స్క్రూతో ఇంజన్ నిలకడగా నడిచేలా పెట్టి, మిక్స్చర్ స్క్రూను చుట్టులో ఎనిమిదో వంతు చొప్పున తిప్పండి. ప్రతిసారీ కొన్ని సెకన్లు ఆగి వినండి. ఇంజన్ వేగం పెరుగుతూ పోయి ఒకచోట గరిష్ఠానికి చేరి, ఆపైన మళ్లీ తగ్గుతుంది. రెండు వైపులా తగ్గడం మొదలైన చోట్లు గుర్తుపెట్టుకుని వాటి నడుమ స్క్రూ నిలపండి. తర్వాత స్లో స్పీడును మాన్యువల్ చెప్పిన అంకెకు దించండి. దించాక మిక్స్చర్ మళ్లీ ఒకసారి చూడండి, ఒకటి కదిలితే రెండోది కొంచెం మారుతుంది.

స్క్రూ ఎంత తిప్పినా ఇంజన్ శబ్దంలో మార్పే లేకపోతే, స్లో స్పీడు మరీ ఎక్కువ పెట్టి ఉన్నట్టు, లేదా పైలట్ దారి ఇంకా పూడుకునే ఉన్నట్టు. పెట్రోలు స్క్రూ మూడు చుట్లు దాటి తెరిస్తే గానీ బండి కుదురుకోకపోతే కూడా నేను మళ్లీ పైలట్ జెట్టే తీసి చూస్తాను.

మధ్య వేగాల తడబాటు మిగిలితే నీడిల్ క్లిప్పు ఒక్క గాడి మార్చి చూడండి. క్లిప్పు కిందికి దిగితే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది, క్లిప్పు పైకి జరిపితే తగ్గుతుంది. మెయిన్ జెట్ సంఖ్యను సైలెన్సర్ గానీ ఎయిర్ ఫిల్టర్ గానీ మార్చనంత వరకు కదపనక్కర్లేదు. టూ స్ట్రోక్ బండిలో చిన్న జెట్ వేయడానికి అసలు ప్రయత్నించకండి. అందులో ఇంజన్ ఆయిల్ పెట్రోలుతో కలిసే లోపలికి వస్తుంది, లీన్‌గా నడిస్తే పిస్టన్ పట్టేస్తుంది.

బండిని కొన్ని వారాలు నడపకుండా ఉంచాల్సి వస్తే ట్యాప్ మూసి, డ్రెయిన్ స్క్రూ విప్పి గిన్నె ఖాళీ చేసి పెట్టండి. తిరిగి నడిపే రోజు ట్యాప్ తెరిచి, గిన్నె నిండడానికి అర నిమిషం ఆగి, చోక్ లాగి స్టార్ట్ చేయండి.