పార్కులో ఏం కావాలని అడగకండి

"మీకు పార్కులో ఏం కావాలి?" అని ఇంటింటికీ తిరిగి అడిగితే వచ్చే జవాబు ఇక్కడే చెప్పేస్తాను: వాకింగ్ ట్రాక్, ఓపెన్ జిమ్, పిల్లలకు జారుడుబండ. ఏ కాలనీలోనైనా ఇంతే. పక్క కాలనీలో చూసిందే నోటికొస్తుంది. నేను గణాంక శాఖలో చేసి రిటైరయ్యాను, హనుమకొండలో ఉంటాను. తలుపులు తట్టే అలవాటు ఉందని మా పార్కు సర్వే నా మెడకే చుట్టారు.

ఫారం పట్టుకునే ముందు ఒక పెన్ను, కాగితం తీసుకుని పార్కులో కూర్చోండి. పొద్దున ఆరు, పదకొండు, సాయంత్రం ఐదున్నర, రాత్రి ఎనిమిది. ఒక మామూలు రోజు, ఒక ఆదివారం. మగవాళ్లు, ఆడవాళ్లు, ముసలివాళ్లు, మగపిల్లలు, ఆడపిల్లలు అని ఐదు గళ్లు గీసి, వచ్చినవాళ్లకు ఒక్కో గీత. ఏ గడి ఖాళీగా ఉందో అదే చూడాలి. వియన్నాలో 1990లలో ఇలాగే పరిశీలిస్తే, తొమ్మిదేళ్లు దాటిన ఆడపిల్లలు పార్కులకు రావడం బాగా తగ్గుతోందని తేలింది. మైదానమంతా మగపిల్లల ఆటలదే. 1999లో రెండు పార్కుల్లో దారులు వేసి, వాలీబాల్, బ్యాడ్మింటన్ కోర్టులు పెట్టి, పెద్ద స్థలాన్ని చిన్న భాగాలుగా విడగొడితే ఆడపిల్లలు మళ్లీ రాసాగారు.

ఇక ఇళ్లు. వాట్సాప్ గ్రూపులో ఫారం పెట్టి సర్వే అయిపోయిందనుకుంటే, రోజూ గ్రూపులో మాట్లాడే ఆ పదిమందే మళ్లీ మాట్లాడతారు. 400 ఇళ్లుంటే ప్రతి ఎనిమిదో ఇల్లు తీసుకోండి, 50 వస్తాయి. ఎక్కడ మొదలుపెట్టాలో చీటీ తీయండి. కిరాయివాళ్లు, వాచ్‌మన్ గది, పెంట్‌హౌస్ అన్నీ లెక్కలోకి రావాలి. తాళం వేసి ఉంటే సాయంత్రం మళ్లీ వెళ్లాలి, పక్కింటితో సరిపెట్టొద్దు. పొద్దంతా తాళం ఉండే ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు, వాళ్లకు పార్కు రాత్రే కావాలి. ఒక ఇంట్లో మగవాళ్లను అడిగితే తర్వాతి ఇంట్లో ఆడవాళ్లను అడగండి. అక్క చెబుతుంటే బావ మధ్యలో దూరతాడు. మంచినీళ్లు అడిగి ఆయన్ని లోపలికి పంపడం పాత ఉపాయం.

అడగాల్సింది నిన్నటి సంగతి. "నిన్న సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా ఇంట్లో ఎవరెవరు ఎక్కడున్నారు? పోయిన వారం పార్కుకు ఎవరు పోలేదు, ఎందుకు?" అసలు సరుకంతా ఈ "ఎందుకు"లోనే ఉంటుంది. "పోతా బిడ్డా, గని కూసుంటే లేవస్తలేదు" అంది ఒక పెద్దమ్మ. బెంచీలకు చేయి ఆనించే పిడి లేదు. ఏ ఫారంలోనూ ఈ గడి ఉండదు కాబట్టి ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకోండి.

చివర్లో ఎంపిక. లైట్లు, బెంచీలు, బాత్రూం, నీడ, ఆటస్థలం, జిమ్, ఖాళీ జాగా బొమ్మలు పరిచి పది చింతగింజలు చేతికివ్వండి. అన్నీ కావాలనేవాళ్లు కూడా గింజలు పెట్టేటప్పుడు ఆలోచిస్తారు. చదువు రానివాళ్లకూ, పిల్లలకూ ఇదే సులువు. ఖాళీ జాగా బొమ్మ మర్చిపోవద్దు. నడిమధ్యలో ఫౌంటెన్ కట్టేస్తే బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆడవాళ్లు ఎక్కడ తిరిగి ఆడాలి? (నన్నడిగితే ఓపెన్ జిమ్ కంటే తాళం సరిగా పడే బాత్రూం మేలు. కానీ సర్వే చేసేవాడు ఈ మాట బయటికి అనకూడదు.)

లెక్క చూసేటప్పుడు తొందరొద్దు. 50 ఇళ్ల సర్వేలో 14 శాతం దాకా అటూ ఇటూ అవుతుంది. లైట్లకు 24 ఇళ్లు (48 శాతం), బెంచీలకు 22 (44 శాతం) వస్తే ఆ రెండూ సమానమే, గొడవపడొద్దు.

మున్సిపాలిటీకి ఒక్క పేజీ చాలు: చేతిగీత మ్యాపు, గంటలవారీ లెక్క, మూడు పనులు. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం ప్రకారం వార్డుకు నాలుగు కమిటీలు, ఒక్కోదాంట్లో 15 మంది: యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు. ముందు మహిళల, వృద్ధుల కమిటీలకు చూపించి సంతకాలు తీసుకోండి. బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి పెట్టాలని కూడా అదే చట్టం చెబుతోంది. హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీకి చట్టం వేరు, అక్కడివాళ్లు ఇది చూపిస్తే పనికిరాదు. అర్జీ ఇచ్చాక ఇన్‌వర్డ్ నంబరు (అర్జీ అందినట్టు వేసే నంబరు) వేయించుకోకుండా కౌంటర్ దగ్గర్నుంచి కదలొద్దు.

ఫలితాలు పార్కు గేటుకు అంటించండి, ఏది కాదో, ఎందుకు కాదో కూడా రాసి. పనులయ్యాక అవే గంటల్లో అదే కాగితంతో మళ్లీ లెక్కపెట్టండి.