వేసవికి ముందు బ్యాటరీ పనివారు మూత్రపిండాల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

మార్చి నెల మొదలయ్యేసరికి అనంతపురం, గుంతకల్లు, తాడిపత్రి పట్టణాలలోని బ్యాటరీ దుకాణాలకు పని పెరుగుతుంది. పాత బ్యాటరీలను పగలగొట్టి సీసపు (లెడ్) ప్లేట్లు తీసేవారి ఒంట్లోకి, సీసాన్ని కరిగించి టెర్మినళ్లకు (తీగలు తగిలించే కొసలకు) పోసేవారి ఒంట్లోకి ఈ నెలల్లో సీసం మరింతగా చేరే ప్రమాదం ఉంది. నలభై డిగ్రీలు దాటే ఎండలో చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గితే అది మూత్రపిండాలకు రెండవ దెబ్బ అవుతుంది. కాబట్టి ఎండలు ముదరక ముందే పరీక్షలు చేయించుకుని, పనిచేసే పద్ధతిని సరిచేసుకోవాలి.

రక్తంలో కలిసిన సీసం మూత్రపిండాలలోని సన్నని నాళికల కణాలలో పేరుకుంటుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే నాళికల చుట్టూ ఉండే కణజాలం గట్టిపడి, మూత్రపిండం క్రమంగా కుంచించుకుపోతుంది. ఇదంతా నొప్పి లేకుండానే సాగుతుంది. రక్తపోటు పెరగడం, యూరిక్ యాసిడ్ ఎక్కువై కాలి బొటనవేలి కీలు వాచడం వంటివి కనిపించినా, బరువులు మోసినందువల్లనో వయసువల్లనో అనుకుని ఊరుకుంటారు. మూత్రపిండాల పనితీరు దాదాపు సగం తగ్గేవరకు క్రియాటినిన్ (మూత్రపిండాలు బయటికి పంపే వ్యర్థం, రక్తపరీక్షలో కొలుస్తారు) కూడా మామూలుగానే ఉండవచ్చు కనుక ఆ ఒక్క అంకె చూసి నిశ్చింతగా ఉండకూడదు.

రక్తంలో సీసం ఎంత ఉందో తెలిపే పరీక్ష మామూలు రక్తపరీక్షలలో భాగం కాదు. చేసే పని ఏమిటో డాక్టరుకు వివరంగా చెప్పి, ఆ పరీక్షను అడిగి రాయించుకోవాలి. దానితోపాటు బీపీ, మూత్రపరీక్ష, ఈజీఎఫ్ఆర్ (మూత్రపిండాలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో తెలిపే లెక్క) కూడా చూపించుకోవాలి. డెసిలీటరు (వంద మిల్లీలీటర్ల) రక్తంలో సీసం 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే అది ఎక్కడినుండి వస్తున్నదో గుర్తించి అరికట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. రక్తంలోని సీసం సగానికి తగ్గడానికి సుమారు నెల పడుతుంది గానీ, ఎముకల్లో చేరినది దశాబ్దాల పాటు ఉండి కొంచెం కొంచెంగా మళ్లీ రక్తంలోకి వస్తుంది.

పనిలో అన్నిటికంటే ముందు చూసుకోవలసినది చేతినుండి నోటికి వెళ్లే దారి. ప్లేట్లు తీసిన వేళ్ల గోళ్ల అంచుల్లో బూడిదరంగు పొడి మిగిలి ఉండగానే బీడీ వెలిగించడం, పనిబల్ల మీదే టీ గ్లాసు పెట్టుకోవడం చాలా దుకాణాల్లో కనిపించే అలవాట్లు. సీసం నోట్లోకి పోవడానికి అవే చాలు. తినడానికి, తాగడానికి దుకాణం బయట చోటు కేటాయించుకుని, సబ్బుతో గోళ్ల సందులు రుద్ది కడుక్కున్న తరువాతే నోట్లో ఏదైనా పెట్టుకోవాలి. సీసం 327 డిగ్రీల వద్ద కరుగుతుంది. అంతకు మించి వేడి పెంచినకొద్దీ పొగ ఎక్కువవుతుంది కనుక మంటను అవసరానికి మించి పెట్టకుండా, గాలి ఆడే ఆరుబయట, పొగ ముఖం మీదికి రాని వైపున నిలబడి పోయాలి. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు ఆ పొగను ఆపదు. దానికి తగిన ఫిల్టర్ ఉన్న మాస్కు కావాలి. నేలను పొడిగా ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవాలి. పనిబట్టలు, చెప్పులు దుకాణంలోనే వదిలి, స్నానం చేసి ఇంటికి వెళ్లాలి, ఎందుకంటే వాటికి అంటిన సీసం పొడి పెద్దలకంటే పసిపిల్లలకు ఎక్కువ హాని చేస్తుంది.

బెల్లం తింటే సీసం పోతుందన్న నమ్మకంతో మిగతా జాగ్రత్తలు మానకూడదు. ఖాళీ కడుపున సీసం ఎక్కువగా ఒంటికి పడుతుంది కనుక, పొద్దున రాగిసంకటి, ఆకుకూర పప్పు, మజ్జిగ వంటివి తిని పనికి రావడం మంచిది. వాటిలోని కాల్షియం, ఇనుము సీసాన్ని కొంతవరకు ఒంటబట్టకుండా చేస్తాయి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగుతుండాలి, అయితే ఇప్పటికే కిడ్నీ జబ్బు ఉన్నవారు ఎంత తాగాలో డాక్టరును అడగాలి. బ్యాటరీలు ఎత్తి నడుము పట్టిందని మందుల షాపులో డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కొనుక్కుని రోజూ మింగడం, ఎండాకాలంలో ముఖ్యంగా, మూత్రపిండాలకు చాలా ప్రమాదకరం. కీళ్ల నొప్పులకు ఇచ్చే నాగభస్మం అనే ఆయుర్వేద మందు సీసంతోనే తయారవుతుంది కాబట్టి ఈ పనివారు దాని జోలికి పోకూడదు.

పరీక్షలో సీసం ఎక్కువగా తేలితే యజమాని ఆ మనిషిని కరిగించే పనినుండి తప్పించి వేరే పని ఇవ్వాలి. సీసాన్ని బయటికి లాగే మందులున్నాయి గానీ, వాటిలో కొన్ని మూత్రపిండాలకే హాని చేయగలవు కనుక, డాక్టరు పర్యవేక్షణలో, ఆ పనికి దూరమైన తరువాతే వాడాలి.