పడవకి ఏ ఇంజిన్: బయట తగిలించేదా, లోపల బిగించేదా?

ముందు హార్స్‌పవర్ లెక్కలు పక్కన పెట్టి, రాత్రికి పడవ ఎక్కడ ఉంటుందో చూడండి. ఇసుక మీదకి లాగేదైతే, లోతు తక్కువ నీళ్లలో తిరిగేదైతే ఔట్‌బోర్డే (బయట తగిలించేదే) నయం, ఎందుకంటే ఒడ్డు దగ్గరికి రాగానే పైకి లేపేయొచ్చు, ఫ్యాన్‌కి (ప్రొపెల్లర్‌కి) వల చుట్టుకున్నా లేపి కోసేయొచ్చు. అదే ఇన్‌బోర్డ్ (లోపల బిగించేది) అయితే నీళ్లలోకి దూకాల్సిందే.

రోజూ గంటల తరబడి బరువు వలలు లాగే పనికి మాత్రం నా ఓటు ఇన్‌బోర్డ్ డీజిల్‌కే. గేర్‌బాక్స్ వేగం తగ్గించి పెద్ద ఫ్యాన్‌ని నెమ్మదిగా తిప్పుతుంది కాబట్టి లాగే బలం ఎక్కువ, పెట్రోల్ ఔట్‌బోర్డ్‌తో పోలిస్తే ఇంధనం బాగా కలిసొస్తుంది, పైగా పెట్రోల్ ఆవిరి పడవ అడుగున చేరి అంటుకుంటుందన్న టెన్షన్ లేదు. కానీ చేపలు పెట్టుకునే చోటు కొంత పోతుంది. ఇంజిన్ నుంచి ఫ్యాన్‌కి వెళ్లే కడ్డీ, అంటే షాఫ్ట్, వరస తప్పితే వణుకు మొదలై బేరింగులు పోతాయి, షాఫ్ట్ పడవ బయటికి వెళ్లే చోట నీళ్లు ఆపే గ్లాండ్ పాత రకమైతే షాఫ్ట్ తిరిగేటప్పుడు అక్కడ చుక్కచుక్కగా నీళ్లు కారాలి, కంగారుపడి పూర్తిగా బిగించేస్తే షాఫ్ట్ అరుగుతుంది.

డీజిల్ ఔట్‌బోర్డులూ ఉన్నాయి, బరువు, ధర రెండూ ఎక్కువే. ఔట్‌బోర్డ్ కొనేముందు పడవ వెనక పలక ఎత్తు కొలవండి, దానికి సరిపడే పొడవు షాఫ్టే తీసుకోవాలి, అవి సాధారణంగా 15, 20, 25 అంగుళాల్లో వస్తాయి.