పాయింట్ల పట్టిక చదవడం – 4వ పాఠం: ఎన్ని గోల్స్ తేడాతో గెలవాలి?

పోయిన పాఠంలో ఫుట్‌బాల్‌లో గోల్ తేడా (కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చిన గోల్స్ తీసేస్తే వచ్చేది) కట్టడం చూశాం. ఈసారి అసలు పని. ఆఖరి గ్రూపు మ్యాచ్‌కి ముందు, వెనకబడిన జట్టు ఎంత తేడాతో గెలిస్తే గట్టెక్కుతుందో మనమే లెక్కేయాలి. ఐపీఎల్ చివరి వారంలో నెట్ రన్‌రేట్ కోసం ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసేవాళ్ళకి ఇది చాలా తేలిక, ఓవర్లూ బంతుల గొడవ ఉండదు.

మన ఉదాహరణ 1978 ఫుట్‌బాల్ ప్రపంచకప్, అర్జెంటీనాలో. ఒకే గ్రూపులో స్కాట్లాండ్, పెరూ, ఇరాన్, నెదర్లాండ్స్, మొదటి రెండు జట్లే ముందుకి వెళ్తాయి. స్కాట్లాండ్ కోచ్ ఆలీ మెక్‌లౌడ్ బయల్దేరే ముందు జనాన్ని తెగ ఊరించాడు. తీరా చూస్తే మొదటి మ్యాచ్‌లో ముందు గోల్ కొట్టి కూడా, పెనాల్టీ ఒకటి వదులుకుని, పెరూ చేతిలో 1-3తో ఓడారు. తర్వాత వాళ్ళ ఆటగాడు విల్లీ జాన్‌స్టన్ డోప్ పరీక్షలో దొరికిపోతే ఇంటికి పంపేశారు. ఇరాన్‌తో 1-1 డ్రా, అందులో స్కాట్లాండ్‌కి వచ్చిన గోల్ కూడా ఇరాన్ ఆటగాడు తన సొంత గోల్‌లోకి కొట్టిందే! ఇక మిగిలింది నెదర్లాండ్స్. వాళ్ళ పెద్ద స్టార్ క్రైఫ్ రాకపోయినా 1974 ఫైనల్ ఆడిన జట్టు, ఇరాన్‌ని 3-0తో కొట్టి, పెరూతో 0-0 ఆడి, రెండు మ్యాచ్‌లలో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు.

కాగితం తీసుకోండి. అప్పట్లో గెలిస్తే 2 పాయింట్లు, డ్రాకి 1. నెదర్లాండ్స్ 3 పాయింట్లు, గోల్ తేడా +3. స్కాట్లాండ్ 1 పాయింటు, గోల్ తేడా –2. స్కాట్లాండ్ గెలిస్తే పాయింట్లు 3-3 సమానం, కాబట్టి గోల్ తేడా చూస్తారు. (ఇప్పటిలా గెలుపుకి 3 ఇచ్చినా 4-4 అయ్యేది, ఇక్కడ తేడా లేదు.)

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. –2కీ +3కీ మధ్య 5 ఉంది కాబట్టి ఐదు గోల్స్ పైన కావాలనుకుంటారు. కాదు. ఈ రెండు జట్లూ ఒకదానితో ఒకటే ఆడుతున్నాయి, కాబట్టి గెలుపు తేడాలో ప్రతి గోల్‌కీ ఇటు ఒకటి పెరుగుతుంది, అటు ఒకటి తగ్గుతుంది, అంటే దూరం రెండు తగ్గుతుంది. 5ని 2తో భాగిస్తే రెండున్నర. అర గోల్ ఉండదు కనుక 3. సరిచూడండి: 3 గోల్స్ తేడాతో గెలిస్తే స్కాట్లాండ్ +1, నెదర్లాండ్స్ 0. 2 తేడాతో అయితే 0, +1, ఇంటికే. అటు పెరూ (దానికీ 3 పాయింట్లే) ఇరాన్ చేతిలో చిత్తుగా ఓడితే లెక్క మారుతుంది గానీ, అది జరగలేదు, పెరూ 4-1తో గెలిచింది.

ఇప్పుడు ఇదే లెక్కని మ్యాచ్ నడుస్తుండగా వేద్దాం. జూన్ 11, మెండోసా. మొదలయ్యేటప్పుడు కావాల్సింది 3. 34వ నిమిషంలో నెదర్లాండ్స్ ఆటగాడు రెన్సెన్‌బ్రింక్ పెనాల్టీ గోల్, ఇప్పుడు 4 కావాలి. విరామానికి కాస్త ముందు డల్‌గ్లీష్ సమం చేశాడు, మళ్ళీ 3. విరామం అయిన వెంటనే గెమ్మిల్ పెనాల్టీతో 2. 68వ నిమిషంలో అదే గెమ్మిల్ ఒకరి తర్వాత ఒకరిని తప్పించుకుంటూ వెళ్ళి కొట్టిన గోల్, ఇప్పటికీ వీడియోలలో తిరుగుతూనే ఉంటుంది, దాంతో 3-1, ఇంకొక్కటే చాలు! మూడే నిమిషాల్లో జానీ రెప్ దూరం నుంచి ఒక్క షాట్ కొట్టాడు, మళ్ళీ 2. అక్కడే ఆగింది. 3-2తో గెలిచి కూడా స్కాట్లాండ్ బయటికి వెళ్ళింది, ఓడిన నెదర్లాండ్స్ ఫైనల్ దాకా వెళ్ళింది.

స్కోరు చూస్తే నెదర్లాండ్స్ తేలిపోయినట్టుంటుంది, నేను మాత్రం అలా అనను. రెండు గోల్స్ తేడాతో ఓడినా ఫర్వాలేదని ముందే తెలిసిన జట్టు ఆడే తీరు వేరు, పైగా వాళ్ళ ముఖ్య ఆటగాడు నీస్కెన్స్ గాయంతో మొదట్లోనే బయటికెళ్ళాడు. అందుకే ఫామ్ చూసేటప్పుడు స్కోరు పక్కన ‘ఎవరికి ఎంత కావాలి’ అనే గడి ఒకటి గీసుకోమంటాను.

అభ్యాసం రెండు. ఒకటి: అదే రోజు ఇరాన్‌కి 1 పాయింటు, గోల్ తేడా –3, పెరూకి 3 పాయింట్లు, +2. ఇరాన్ పెరూని దాటాలంటే ఎంత తేడాతో గెలవాలి? రెండు: యూరో కప్‌లోలా, పాయింట్లు సమానమైతే గోల్ తేడా కన్నా ముందు ఆ రెండు జట్లు ఒకదానితో ఒకటి ఆడిన మ్యాచ్ ఫలితం చూసే నియమం 1978లో ఉండి ఉంటే, స్కాట్లాండ్‌కి మొదట్లో 3 బదులు ఎంత సరిపోయేది? జవాబులు 5వ పాఠంలో.