ఎక్స్ఛేంజ్ డిఫరెన్షియల్ బ్యాకప్ సైజు చూసి కంగారు పడకండి

మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్ అయిన ఎక్స్ఛేంజ్‌లో డిఫరెన్షియల్ బ్యాకప్ తీస్తున్నవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఫుల్ బ్యాకప్‌లో ఈడీబీ ఫైలూ (మెయిళ్లుండే డేటాబేస్), ట్రాన్సాక్షన్ లాగ్‌లూ (దానిలో జరిగే ప్రతి మార్పునీ రాసుకునే ఫైళ్లు) రెండూ వెళ్తాయి, అది విజయవంతంగా ముగిశాక పాత లాగ్‌లు చెరిగిపోతాయి. డిఫరెన్షియల్‌లో ఈడీబీ ఉండదు. గత ఫుల్ తర్వాత పోగైన ట్రాన్సాక్షన్ లాగ్‌లే ఉంటాయి, పైగా అది వాటిని చెరపదు. అందుకే రోజురోజుకీ పెరుగుతుంది. రోజుకి 6 జీబీ లాగ్‌లు పుట్టే సర్వర్‌లో ఆదివారం ఫుల్ తీస్తే సోమవారం 6, గురువారానికి 24 జీబీ. ఇది మామూలే.

ఉన్నట్టుండి బాగా ఉబ్బిందంటే మొదట అనుమానించాల్సింది మెయిల్‌బాక్స్ మూవ్‌లను. మొత్తం 40 జీబీ మెయిల్‌బాక్స్‌లు ఒక డేటాబేస్‌లోకి తరలిస్తే అక్కడ దాదాపు అంత మేరకూ లాగ్‌లు పుడతాయి. 2007 వెర్షన్ నుంచి ఒక్కో లాగ్ 1 ఎంబీయే కాబట్టి ఫోల్డర్‌లో ఫైళ్లు లెక్కపెడితే రాబోయే డిఫరెన్షియల్ సైజు ముందే తెలిసిపోతుంది. నాకైతే ఇంతకంటే నమ్మకమైన అంచనా లేదు.

వేలకొద్దీ మెయిళ్లు తీసేసినా ఫుల్ సైజు తగ్గలేదా? ఈడీబీ తనంతట తాను చిన్నదవదు, లోపల ఖాళీ జాగా మిగులుతుందంతే. దానికోసం ఆఫ్‌లైన్ డీఫ్రాగ్ (డేటాబేస్‌ని ఆపి కుదించడం) జోలికి వెళ్లకండి, మెయిల్‌బాక్స్‌లను కొత్త డేటాబేస్‌కి మార్చి పాతది తీసేయడం మేలు.

సర్క్యులర్ లాగింగ్ (పాత లాగ్‌లను సర్వరే ఎప్పటికప్పుడు తీసేసే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే డిఫరెన్షియల్ అసలు కుదరదు. ఫుల్ వరుసగా విఫలమవుతుంటే మాత్రం ఆలస్యం చేయకండి: లాగ్‌లు చెరగక లాగ్ డ్రైవ్ నిండితే డేటాబేస్ డిస్‌మౌంట్ అయిపోతుంది, అంటే అందులోని మెయిల్‌బాక్స్‌లు ఆగిపోతాయి.