స్వల్ప కోవిడ్, ఫ్లూ వచ్చినప్పుడు రక్తం గడ్డకట్టే ముప్పు: ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తలు

కోవిడ్ గానీ ఫ్లూ గానీ ఇంట్లోనే తగ్గిపోయేంత స్వల్పంగా వచ్చినా, కాలి లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు కొంతకాలం పెరుగుతుంది. స్వీడన్‌లో పది లక్షలకు పైగా కోవిడ్ రోగుల వివరాలను పరిశీలించి 2022లో ప్రచురించిన అధ్యయనం, ఆసుపత్రిలో చేరనివారిలోనూ ఈ పెరుగుదలను గుర్తించింది. అలాగని హడలిపోనక్కరలేదు, వీరిలో అత్యధికులకు గడ్డలు ఏర్పడవు.

వయసు పైబడినవారు, ఊబకాయులు, ఇదివరకు గడ్డ ఏర్పడినవారు, క్యాన్సర్ రోగులు, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడేవారు, గర్భిణులు, బాలింతలు మాత్రం జ్వరం రాగానే ఆ సంగతి వైద్యుడికి చెప్పాలి. బాలింతకు మంచినీళ్లు తగ్గించి, మంచం దిగనివ్వని ఆచారం కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. కాన్పయిన మొదటి ఆరు వారాల్లో ముప్పు ఎలాగూ ఎక్కువే కనుక, జ్వరం కూడా తోడైనప్పుడు ఆ ఆచారాన్ని తప్పక పక్కన పెట్టాలి.

ఒంట్లో ఓపికను బట్టి, మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారైనా లేచి నాలుగడుగులు వేయాలి. పిక్క కండరం బిగిసినప్పుడల్లా సిరల్లోని రక్తం గుండెవైపు కదులుతుంది. లేవలేనివారు పడుకున్నచోటే పాదాలను పైకీ కిందికీ ఆడించాలి. గుండె, మూత్రపిండాల జబ్బుల వల్ల వైద్యులు పరిమితి పెట్టినవారు తప్ప, అందరూ నీళ్లు, మజ్జిగ, గంజి తరచుగా తాగాలి.

రోజూ రెండు పిక్కలనూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఒక కాలే వాచి, వెచ్చగా ఉండి, నొక్కితే నొప్పి పుడితే, ఆ రోజే వైద్యుడికి చూపించి, ఆయన చెబితే డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండ్ పరీక్ష) చేయించుకోవాలి. మోకాలి కింద ఒకే ఎత్తులో టేపుతో కొలిచినప్పుడు తేడా 3 సెంటీమీటర్లు దాటితే అనుమానం బలపడుతుంది. తేడా అంతకంటే తక్కువైనా నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదు. జ్వరానికి ఒళ్లునొప్పులు సహజమేనని నూనె రాసి మర్దన చేయడం మన ఇళ్లలో మామూలే గానీ, ఇలాంటి కాలిని అస్సలు పిసకకూడదు, ఎందుకంటే గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరవచ్చు. హఠాత్తుగా ఆయాసం వచ్చినా, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పొడిచినట్టున్నా, దగ్గులో రక్తం పడినా, స్పృహ తప్పినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ముందుజాగ్రత్త పేరుతో ఆస్పిరిన్ సొంతంగా వేసుకోకూడదు. వానాకాలపు జ్వరం డెంగీ అయితే, ఆ మాత్ర వల్ల రక్తస్రావం కావచ్చు. రక్తంలో గడ్డల ఆనవాళ్లను కొలిచే డి-డైమర్ పరీక్ష కూడా వైద్యుడు చెప్పకుండా చేయించుకోవడం వృథా, ఇన్ఫెక్షన్ ఉంటే గడ్డ లేకపోయినా ఆ అంకె పెరుగుతుంది. ఇప్పటికే రక్తం పలచబరిచే మందులు వాడుతున్నవారు మాత్రం, జ్వరం వచ్చిందని వాటిని తమంతట తాము ఆపకూడదు.